స్థానికుల కార్డు

పదకొండు రోజులుగా కుళాయి రాని వీధిలోకి పన్నెండో రోజు పొద్దున నీళ్ల ట్యాంకర్ ఒకటి వచ్చింది. అది మున్సిపాలిటీ ట్యాంకర్ కాదు. వెనకవైపు ఎర్రమట్టి రంగు గుడ్డ కట్టి, దాని మీద తెల్లటి అక్షరాలతో ‘మెట్ట సేన’ అని రాశారు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పరిగెత్తారు. కరుణాకరం మాత్రం గడప దగ్గరే నిలబడి డ్రైవర్ ముఖం వంక చూస్తున్నాడు. ఎన్నడూ చూసిన మనిషి కాదు.

“ఏంది అట్ల నిలబడినావు? డ్రమ్ము అందుకో” అని భార్య విజయమ్మ కేకేసింది.

“ఎవురు పంపినారంట?”

“ఎవురు పంపితే మనకేంది. నీళ్లే గదా.”

“డీజిలు ఎవురు పోయించినారని అడుగుతున్నా.”

విజయమ్మ అతని చేతిలో డ్రమ్ము పెట్టి, బిందె తీసుకుని వెళ్లిపోయింది. నీళ్లు చల్లగా, తేటగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం కరుణాకరం రెండు చెంబులు తాగాడు. తాగుతున్నంతసేపూ ఆ డ్రైవర్ ముఖమే గుర్తొచ్చింది.

కరుణాకరానికి యాభై ఎనిమిదేళ్లు. మార్కాపురం శివార్లలోని ఒక పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు పనిచేశాడు, చివరి పద్నాలుగేళ్లు మేస్త్రీగా. రాయిని చేత్తో తట్టి, మిషన్ కింద నిలుస్తుందో పగులుతుందో చెప్పేవాడు. పిల్లలు పలకల మీద రాయడం ఎప్పుడో తగ్గిపోయింది. పై దేశాలకు పోయే నేల పలకల ఆర్డర్లతో ఫ్యాక్టరీ కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. అవి కూడా ఆగిపోయాక, మార్చి నెలలో యజమాని వెంకటసుబ్బయ్య పనివాళ్లందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి “ఇంక నా వల్ల కాదయ్యా” అన్నాడు. డెబ్బై ఆరు మంది ఆ రోజే ఇంటి ముఖం పట్టారు. వాళ్లలో విజయమ్మ కూడా ఉంది.

రెండు నెలల్లో ఆ షెడ్డును బయటి ఊరి మనిషి కొని, గ్రానైట్ పాలిష్ మిషన్లు దింపాడు. పాత పనివాళ్లు గేటు దగ్గర గుమిగూడితే, ఈ పని మీకు రాదని చెప్పి, ఒరిస్సా నుంచి పదకొండు మందిని తెప్పించుకున్నాడు. వాళ్లు షెడ్డులోనే వండుకుని, షెడ్డులోనే పడుకుని, రోజుకు పన్నెండు గంటలు పనిచేసేవాళ్లు.

కరుణాకరానికి ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున ఎనిమిదింటికి చొక్కా తొడుక్కుని ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి, కాసేపు నిలబడి తిరిగి వచ్చేవాడు. ఒరిస్సావాళ్ల పెద్ద అతన్ని నాలుగు రోజులు గమనించి, ఐదో రోజు టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. ఒక రకం రాయి మాటిమాటికీ ఎందుకు పగులుతోందో వచ్చీరాని తెలుగులో అడిగాడు. కరుణాకరం లోపలికి వెళ్లి, తట్టి చూసి, నీళ్లు ఎక్కడ పారాలో చూపించి వచ్చాడు. ఆ తర్వాత వారానికి ఒకసారైనా ఇద్దరూ గేటు దగ్గర టీ తాగేవాళ్లు. అతని పేరు మాత్రం కరుణాకరం అడగలేదు. ‘ఒరిస్సా మేస్త్రీ’ అని పిలిచేవాడు, అతనూ పలికేవాడు.

ట్యాంకర్ వరసగా పది రోజులు వచ్చింది. పదకొండో రోజు, ఆదివారం సాయంత్రం, వీధి చివర షామియానా వేశారు. రాజేష్ అనే నలభై ఏళ్ల మనిషి మైకు పట్టుకున్నాడు. అంతకుముందు ఊళ్లో పోలీసు ఉద్యోగాలకు కోచింగ్ సెంటర్ నడిపిన వాడు. ఉద్యోగాల ప్రకటనలు రాక అది మూతపడింది. అక్కడ చదివిన కుర్రాళ్లే ఇప్పుడు ఎర్రమట్టి రంగు కండువాలు వేసుకుని అతని చుట్టూ నిలబడ్డారు.

“పలకల ఫ్యాక్టరీల్లో పని పోయినోళ్లు చేతులెత్తండి” అన్నాడు. చేతులు లేచాయి. “బోరు ఎండిపోయి సేద్యం వదిలేసినోళ్లు?” ఇంకొన్ని లేచాయి. “బిడ్డల్ని హైదరాబాదు బేల్దారి పనికి పంపినోళ్లు?” ఎత్తని చెయ్యి లేదు. ఆ చేతుల్ని కాసేపు అట్లాగే ఉంచమన్నాడు.

“మనం సోమరోళ్లమా?” అని అడిగాడు. “మన షెడ్డులో మిషన్ తిరుగుతాంది. మరి మన పని యాడికి పోయింది?”

“ఒరిస్సావోళ్లు తింటన్నారు!” అని వెనక నుంచి ఒక గొంతు అరిచింది. రాజేష్ ఆ మాట తాను అనలేదన్నట్టు తల దించుకున్నాడు.

కరుణాకరం పక్కన కూర్చున్న యల్లయ్య లేచి చప్పట్లు కొట్టాడు. యల్లయ్యది పక్క వీధి. కోత మిషన్ మీద ఇరవై ఏళ్లు కరుణాకరంతో కలిసి పనిచేశాడు. అతని భార్య కవితా, విజయమ్మా ఒకే బల్ల దగ్గర కూర్చుని పలకలు ప్యాక్ చేసేవాళ్లు.

“ఆ అరిసినోన్ని చూసినావా యల్లయ్యా? మన వీధోడు కాదు. వాళ్ల కుర్రోడే కండువా తీసేసి ఎనక కూసున్నాడు” అన్నాడు కరుణాకరం మెల్లగా.

“ఎవుడైతే ఏందన్నా. వాడు అన్నది అబద్ధమైతే గాదు గదా.”

కరుణాకరం మళ్లీ వెనక్కి తిరిగి ఆ కుర్రాడి వంక చూశాడు.

వారం తిరక్కముందే రాజేష్ ఇంటికి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, విజయమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వచ్చిన పని చెప్పాడు. సేన స్థానికులకు కార్డులు ఇవ్వబోతోంది. ఏ యూనిట్ వాడైనా ముందు కార్డున్న వాళ్లనే పనిలోకి తీసుకునేట్టు చూస్తుంది. ఎవరు స్థానికులో ఎవరు కాదో తేల్చడానికి నలుగురూ నమ్మే మనిషి కావాలి.

“ఈ నాలుగు వీధుల్లో ఎవురి తాత ఎవురో నీకు తెలుసు పెద్దాయనా. నువ్వు సంతకం పెట్టినావంటే ఇంక మాట లేదు.”

అతను వెళ్లాక విజయమ్మ గ్లాసు తీస్తూ అంది: “మనల్నే ఎందుకు అడిగినాడో ఆలోచించినావా? చర్చికి పోయే పెద్దమనిషి ఆడ కూసుంటే, ఇది అందరిదీ అనుకుంటారని.”

“డ్రమ్ము పట్టుకోమన్నప్పుడు నీకు అనుమానం రాలేదే.”

“నీళ్లు వేరు. మనుషుల్ని ఏరడం వేరు.”

అయినా వెళ్లాడు. సేన ఆఫీసులో అతనికి ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక రబ్బరు ముద్ర ఇచ్చారు. మార్చి తర్వాత మొదటిసారి అతను రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. వరసలో నిలబడిన వాళ్లు “మేస్త్రీ” అని పిలిచారు. ఎవరి అవ్వ ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరి నాయన ఏ క్వారీలో పనిచేశాడో అతనికి నిజంగానే తెలుసు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చున్న వాళ్లు లేచి నిలబడేవాళ్లు. అది అతనికి బాగుంది. బాగున్నందుకు తన మీద తనకే కొంచెం అనుమానం వేసేది కానీ, పొద్దున ఎనిమిదయ్యేసరికి మళ్లీ చొక్కా తొడుక్కునేవాడు.

పాలిష్ యూనిట్ యజమాని మొదట సేన మాట వినలేదు. రెండుసార్లు షెడ్డు కిటికీల మీద రాళ్లు పడ్డాయి. అతను భయపడి ఒరిస్సావాళ్లను పనిచేసుకుని పోండి, ఇక్కడ పడుకోవద్దు అన్నాడు. వాళ్లు తర్లుపాడు రోడ్డులో మూతబడిన ఒక పలకల షెడ్డు వెనక గదిలోకి మారారు. ఆ సంగతి ఒరిస్సా మేస్త్రీయే కరుణాకరానికి చెప్పాడు. అక్కడ నీళ్లు లేవని, ఒక క్యాన్ దొరుకుతుందా అని అడిగాడు. కరుణాకరం సైకిల్ మీద రెండు క్యాన్లు తీసుకువెళ్లి ఇచ్చాడు. మెట్ట సేన ట్యాంకర్ నీళ్లే అవి.

నాలుగు రోజుల తర్వాత, ఆఫీసులో కాగితాలు తిరగేస్తూ రాజేష్ అన్నాడు: “ఒరిస్సావోళ్లు రాత్రుళ్లు షెడ్డులో ఉండటం లేదంట పెద్దాయనా. పొద్దున వస్తన్నారు, సాయంత్రం యాడికి పోతన్నారో మావోళ్లకు దొరకడం లేదు.”

“యాడికి పోతారు. తర్లుపాడు రోడ్డులో, ఆ పాత షెడ్డు ఎనక గదిలో ఉన్నారు” అన్నాడు కరుణాకరం.

ఆ మాట ఎందుకు అన్నానని తర్వాత అతను చాలాసార్లు తనను తాను అడిగాడు. అడిగిన దానికి తెలిసిన జవాబు చెప్పానని కొన్నాళ్లు అనుకున్నాడు. రాజేష్‌కు తెలియనిది తనకు తెలుసని చూపించుకోవడానికి అన్నానని కొన్నాళ్లు అనుకున్నాడు. విజయమ్మకు ఐదు నెలలుగా పని లేదు. అది కూడా ఆ క్షణంలో అతని మనసులో ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇరవై మంది కండువాలవాళ్లు కర్రలతో ఆ గదికి వెళ్లారు. ఒరిస్సావాళ్లు అప్పుడే అన్నం తిని పడుకున్నారు. తలుపు పగలగొట్టి కొట్టారు. కొందరు పొలాలకు అడ్డంపడి పరిగెత్తారు. ఒరిస్సా మేస్త్రీ రేకుల మీదికి ఎక్కితే కింద నుంచి కర్రలతో కాళ్ల మీద కొట్టారు. అతను రాళ్ల గుట్ట మీద పడ్డాడు. కుడి చెయ్యి మోచేతి దగ్గర రెండు ముక్కలైంది, నడుము విరిగింది. ఎవరో ట్రాలీ ఆటోలో వేసి ఆసుపత్రికి పంపారు. మిగతా పది మంది సాయంత్రానికల్లా స్టేషన్‌కు చేరి, వచ్చిన రైలు ఎక్కారు.

సోమవారం యల్లయ్య టీ బంకు దగ్గర కనిపించాడు. అతని కుడి చేతి వేళ్ల మీద తోలు లేచిపోయి ఉంది.

“నువ్వు పోయినావా?” అని అడిగాడు కరుణాకరం.

“యాడికి?” అని యల్లయ్య టీ గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

పోలీసులు వచ్చి గది చూసి వెళ్లారు. చూసిన వాళ్లు ఎవరూ లేరు. పది రోజులకు పాలిష్ యూనిట్ యజమాని కార్డులున్న పద్నాలుగు మందిని పనిలోకి తీసుకున్నాడు. రాళ్లు తుడిచి ప్యాక్ చేసే దగ్గర విజయమ్మకూ, కవితకూ చోటు దొరికింది. విజయమ్మ తిరస్కరించలేదు. మొదటి రోజు పనికి పోయేటప్పుడు టిఫిన్ డబ్బా మూత పెడుతూ, “ఆ ఒరిస్సా మేస్త్రీ బతికే ఉన్నాడంటనా?” అని అడిగింది.

“ఉన్నాడంట. ఒంగోలు తీసకపోయినారంట.”

ఆ తర్వాత ఇద్దరూ అతని ప్రస్తావన తీసుకురాలేదు.

పద్నాలుగు మందికి పని దొరికిందన్న మాట పొదిలి దాకా పాకింది. ఇంతకాలం ఏ పార్టీ వాడూ ఒక్కడికి కూడా పని ఇప్పించలేదు, వీళ్లు ఇప్పించారు అని జనం అనుకున్నారు. ఎట్లా ఇప్పించారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. చలికాలంలో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. ఎక్కువ వార్డులు సేన గెలుచుకుంది. రాజేష్ చైర్మన్ అయ్యాడు. కరుణాకరం కూడా ఆ గుర్తుకే మీట నొక్కాడు. నొక్కేటప్పుడు ఒరిస్సా మేస్త్రీ ఇచ్చిన టీ గ్లాసు గుర్తొచ్చినా వేలు ఆగలేదు.

ఇబ్బంది ఆ తర్వాతే మొదలైంది. ఉన్నవి పద్నాలుగు పనులు, కార్డులు పుచ్చుకున్నవాళ్లు ఆరు వందల మంది. ఇంకో యూనిట్ రాలేదు. ఉన్న పలకల షెడ్లలో మరో రెండు మూతపడ్డాయి. జనం ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. అప్పుడు రాజేష్ గుమ్మం పక్కన తాళం వేసిన రేకు పెట్టె ఒకటి పెట్టించాడు. దొంగ స్థానికుల వల్లే అసలు స్థానికులకు పని దొరకడం లేదని, ఎవరి మీదైనా అనుమానం ఉంటే చీటీ రాసి అందులో వెయ్యమని, పేరు రాయక్కర్లేదని చెప్పాడు.

మొదటి వారంలోనే పెట్టె నిండింది.

వీధి మారిపోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఒకరి ఊరి పేరు ఒకరు అడగడం మానేశారు. అడిగితే చీటీ రాయడానికే అనుకుంటారని భయం. చర్చి కాపరి జీవరత్నం ఇంటికి ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి, చర్చి రేకులకు సొమ్ము ఎక్కడ నుంచి వచ్చిందని అడిగారు. అవి సంఘస్తులు తలా ఇంత వేసుకుని కొన్నవే. ఆ సంగతి వాళ్లదాకా ఎవరు మోశారని ఆ ఆదివారం ఆరాధనలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట పాడేటప్పుడు కూడా కళ్లు మూసుకోలేదు.

చీటీల మీద విచారణ చేసే బల్ల కరుణాకరానిదే. చర్చిలో అతని వెనక వరసలో కూర్చునే శ్యాంసన్ పేరు వచ్చింది. శ్యాంసన్ తొమ్మిదేళ్ల కింద కొనకనమిట్ల దగ్గర పల్లె నుంచి, చేను ఎండిపోయి, పెళ్లాం బిడ్డలతో ఊళ్లోకి వచ్చినవాడు. పదేళ్లు నిండకపోతే స్థానికుడు కాదని సేన కొత్తగా రూలు పెట్టింది.

“అన్నా, కొనకనమిట్ల మెట్ట కాదా?” అని అడిగాడు శ్యాంసన్. “మాకంటే మెట్ట ఎవురికుంది? మా చేన్లో రాయి తప్ప ఏముంది?”

“రూలు నాది కాదు శ్యాంసన్.”

“సంతకం నీదే గదన్నా.”

కరుణాకరం కాగితం వంకే చూస్తూ సంతకం పెట్టాడు. శ్యాంసన్ భార్యకు పాలిష్ యూనిట్‌లో పని పోయింది. ఆ చోటులోకి సేన కుర్రాడి వదిన వచ్చింది. ట్యాంకర్ డ్రైవర్ కార్డు చూపిస్తేనే గొట్టం వదులుతున్నాడు. నెల తిరక్కుండా శ్యాంసన్ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయాడు. ఏ ఊరికని ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున కరుణాకరం ఆఫీసుకు వెళ్లేసరికి అతని కుర్చీలో పాతికేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. “నీ మీద చీటీ వచ్చింది. నీ నాయన నాటి కాగితం ఏదైనా తేవాలంట” అన్నాడు కళ్లెత్తకుండా.

ఇంట్లో రేకు పెట్టె అడుగున ఉన్న తన నాయన పుట్టిన కాగితం తీసి తెచ్చాడు. కుర్రాడు దాన్ని చదివి లోపలికి తీసుకెళ్లాడు. కాసేపటికి రాజేష్ పిలిచాడు.

“ఇందులో గిద్దలూరు తాలూకా, కర్నూలు జిల్లా అని ఉంది పెద్దాయనా. నువ్వు కర్నూలోనివా?”

కరుణాకరం నవ్వబోయి ఆగాడు. రాజేష్ నవ్వడం లేదు.

“డెబ్బైకి ముందు గిద్దలూరు, మార్కాపురం రెండూ కర్నూలు జిల్లానే గదన్నా. నేను పుట్టినాక ప్రకాశం జిల్లా చేసినారు. నేను కదల్లేదు, జిల్లా మారింది.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే మరేంది?”

“తెలిసినా అడగాల. నిన్ను వదిలేస్తే శ్యాంసన్‌ను ఎందుకు వదల్లేదని జనం అడగరా? పై నుంచి రెవెన్యూ కాగితం తెచ్చుకో. అంతవరకు కార్డు ఈడ పెట్టిపో.”

“ఎవురు రాసినారన్నా ఆ చీటీ?”

“పేరు లేదు” అన్నాడు రాజేష్. ఆ జవాబు కరుణాకరం ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

రెవెన్యూ ఆఫీసులో పాత రికార్డు కర్నూలులో ఉంటుందన్నారు. కర్నూలుకు పోతే, ఆ తాలూకాలవి ఒంగోలుకు ఎప్పుడో పంపేశామన్నారు. ఒంగోలులో నెల తర్వాత రమ్మన్నారు. ఈలోగా విజయమ్మ కార్డు కూడా నిలిపేశారు. భర్త స్థానికుడు కానప్పుడు భార్యది చెల్లదట. ఆమె పని పోయింది. ట్యాంకర్ వాళ్ల గుమ్మం దాటి ముందుకు పోయి ఆగుతోంది.

కరుణాకరం పగలంతా గడపలో కూర్చుని వీధినంతా అనుమానించాడు. శ్యాంసన్ పోతూ పోతూ రాసి ఉంటాడు అనుకున్నాడు. జీవరత్నం అయ్యగారు రాసి ఉంటాడు, తాను ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. యల్లయ్య రాసి ఉంటాడు, వేళ్ల మీద తోలు లేచిపోవడం తాను చూశాడు కాబట్టి. ఎదురింటి ఆమె తలుపు వేసుకుంటే ఆమె రాసిందనీ, తెరిచి పలకరిస్తే అందుకే పలకరిస్తోందనీ అనుకున్నాడు. అన్నం సహించేది కాదు. విజయమ్మ బేస్తవారిపేటలో తన తమ్ముడి దగ్గరికి పోదామంటే, “మీ తమ్మునికి నా పుట్టుక తెలుసు గదా” అన్నాడు. విజయమ్మ అతని వంక చాలాసేపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరుసటి మధ్యాహ్నం, వీధిలో ఎండకు ఎవరూ లేని వేళ, కవిత నీళ్ల బిందె చంకన పెట్టుకుని వచ్చింది. బిందె గడపలో దించింది. విజయమ్మ ఎదురొచ్చి, “ఎవురన్నా చూస్తే నీ కార్డు పోతాది కవితా” అంది.

“చూడనీలే అక్కా.” కవిత అక్కడే నేల మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కరుణాకరం వైపు తిరిగింది. “బావా, నీ మీద చీటీ రాసింది నేనే.”

కరుణాకరం బిందెను గోడ వారకు జరిపాడు.

“మా బిడ్డ శిల్పకు యూనిట్‌లో పని ఇప్పించమని అడిగితే, ముందు ఒక చోటు ఖాళీ కావాలన్నారు. ఆ పిల్ల మొగుడు హైదరాబాదులో పడి కాలు ఇరగ్గొట్టుకుని ఇంటికొచ్చినాడు. ఎవురి పేరు రాయాలో నాకు తెలీలా. మీ నాయన గిద్దలూరు కాడ పుట్టినోడని నువ్వే ఒకసారి చెప్పినావు, ఆ మాటే రాసినా. కర్నూలని నాకు తెలీదు, నిజంగా తెలీదు. ఊరికే అడిగి ఇడిసిపెడతారనుకున్నా.”

“యల్లయ్యకు తెలుసా?”

“నిన్న చెప్పినా. కొట్టినాడు.” ఆమె చెంప మీద వాపు అప్పుడు కనిపించింది. “శిల్పకు చోటు కూడా ఇయ్యలేదు బావా. అక్క చోటులో చైర్మన్ మనుషులే ఎవురో వచ్చినారు.”

విజయమ్మకు కోపం వచ్చింది. పదిహేనేళ్లు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నామే అని అరిచింది. బిందె ఎత్తి నీళ్లు వాకిట్లో పారబోసింది. కవిత తల వంచుకుని అన్నీ పడింది. కరుణాకరం మాత్రం కోప్పడలేకపోయాడు. కవిత కనీసం వచ్చి చెప్పింది. ఒంగోలు ఆసుపత్రికి తాను ఒక్కసారి కూడా పోలేదు.

రెండు రోజుల తర్వాత పోయాడు. ఆ మనిషిని ఎప్పుడో పంపించేశారని చెప్పారు. నర్సు ఒకామె పాత పుస్తకం చూసి, చెయ్యి సరిగా అతకలేదని, అన్న వచ్చి తీసుకుపోయాడని చెప్పింది. పేరు అడిగితే బిరంచి అని చదివింది. ఊరి పేరు చదివింది కానీ అతనికి పట్టుబడలేదు. ఆసుపత్రి నుంచి పోయిన నివేదిక వల్ల కేసు ఒకటి ఇంకా నడుస్తోందని కూడా ఆమే చెప్పింది.

తిరుగు ప్రయాణంలో బస్సు పొదిలి దాటాక కరుణాకరం కిటికీ పక్కన కూర్చుని ఆ పేరు నాలుగైదుసార్లు మెల్లగా పలికాడు.

మార్కాపురంలో కొత్తగా వచ్చిన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అతను చెప్పింది విని పెన్ను కింద పెట్టాడు. “గది చూపించింది నువ్వేనని రాస్తే నువ్వు కూడా ముద్దాయివి అవుతావు. తెలుసా?”

“తెలుసు సార్.”

“కార్డు పోయిందని పగతో చెప్తున్నావని వాళ్లు అంటారు.”

“అది కూడా కొంత నిజమే సార్. కార్డు పోకపోతే వచ్చేవాన్ని కాదేమో.”

ఇన్‌స్పెక్టర్ అతన్ని కాసేపు పరిశీలనగా చూశాడు. ఈయన ఎవరి మనిషో అని కరుణాకరం కూడా ఆయన్ని చూశాడు. ఇక్కడ చెప్పింది సాయంత్రానికల్లా రాజేష్ చెవిన పడవచ్చు. పడింది కూడా. మరుసటి రోజు వాకిట్లో ఎర్రమట్టి రంగు పెయింటుతో ‘కర్నూలోడు’ అని రాసి ఉంది. విజయమ్మ కిరసనాయిలు గుడ్డతో తుడిచింది, పూర్తిగా పోలేదు.

“బేస్తవారిపేట పోదాం అంటివి గదా, పో” అన్నాడు కరుణాకరం. “నేను కోర్టు పని చూసుకుని వస్తా.”

“వాయిదా ఎప్పుడు?”

“సోమారం.”

“సోమారం దాకా ఉంటా. నువ్వు యాడ నోరు జారతావోనని నాకు భయం.” ఆ మాట అంటూ ఆమె కొంచెం నవ్వింది. నెల రోజుల తర్వాత మొదటిసారి.

సోమవారం పొద్దున పదింటికి ఇద్దరూ మార్కాపురం కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇవ్వాలి. మెట్ల దగ్గర నలుగురు కండువాలవాళ్లు నిలబడి వీళ్లనే చూస్తున్నారు. వాళ్లను దాటుకుని యల్లయ్య లోపలికి వచ్చాడు. మెట్ల మీదివాళ్లు అతనికి దారి ఇచ్చారు. వాళ్లు పంపితే వచ్చాడో, తనంతట తాను వచ్చాడో కరుణాకరానికి తెలియలేదు.

యల్లయ్య బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. విజయమ్మ ముఖం తిప్పుకుంది.

“నా పేరు చెప్తావా అన్నా?” అని అడిగాడు.

“ముందు నా పేరు చెప్తా. ఆడికి ఎవురు పోయినారని అడిగితే, నీ చేతి మీద నేను చూసింది చెప్తా.”

యల్లయ్య తల ఊపాడు. “వాళ్లు నన్ను, నువ్వు అబద్ధాలు చెప్తన్నావని చెప్పమన్నారు.”

“చెప్తావా?”

“ఇంకా తేల్చుకోలా. కవితేమో వద్దంటది. శిల్పకు చోటు ఇప్పిస్తామని మళ్లీ అన్నారు.” అతను రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. “నువ్వు ముందు పో. ఏం చెప్తావో వింటా.”

“లోపల చెప్పేది బయటికి వినపడదు యల్లయ్యా.”

“వచ్చినాక చెప్పు మరి. నిన్ను నమ్ముతా.”

కరుణాకరం అతని ముఖంలోకి చూశాడు. ఇరవై ఏళ్లు పక్క మిషన్ మీద చూసిన ముఖమే. అందులో ఏముందో ఇప్పుడు అతనికి తెలియడం లేదు. బంట్రోతు తలుపు దగ్గరికి వచ్చి పేరు పిలిచాడు. విజయమ్మ అతని చొక్కా కాలర్ సరిచేసింది. అతను లేచి లోపలికి వెళ్లాడు.

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. బల్ల వెనక కూర్చున్న ఆమె తల ఎత్తి, భయపడకుండా తెలిసింది చెప్పమంది. ఎవరైనా బెదిరించి పంపారా అని అడిగింది. లేదన్నాడు.

“ఒరిస్సా నుంచి వచ్చిన మనిషి, పేరు బిరంచి” అని మొదలుపెట్టాడు. “వాళ్లు ఉన్న గది ఎవురికీ తెలీదు. చూపించింది నేనే అమ్మా.”

ఆమె పక్కనున్న గుమస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు.